పిట్టకు పెట్టిన విస్తరి

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. చెప్పులు గడప బయట వదిలి, ఫోను పక్కన పెట్టి వినండి. ఈ సంగతి నేను గట్టిగా చెప్పలేను. ఎవరి గురించి చెబుతున్నానో ఆ మనిషి ఇప్పుడు మా మిద్దె మీదే ఉన్నాడు. ఇవాళ పెత్రమాస. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో వడ్డించి, మిద్దె మీద కాకికి పెట్టే రోజు. దాన్నే మేం పిట్టకు పెట్టడం అంటాం. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట్లో వేసుకోరు. పొద్దున గారెలు తీసి, పాయసం దింపి, అత్తమ్మ పేరున విస్తరి పెట్టాను. పైన ఇంకో ఆకు కప్పబోతుంటే మా మరిది గడపలో నిలబడి "నేను తీస్కపోత వదినె" అన్నాడు. నా చెయ్యి ఆకు మీద అట్లాగే ఆగిపోయింది. ఆ విస్తరి, ఆ మనిషి, ఆ వంటిల్లు ఒక్కచోట చూస్తే నాకు ఇప్పటికీ భయమే.

మాది గౌలిపురలో పాలవాళ్ల గల్లీ. మా మామయ్యది పెద్ద గొంతు. బర్రె పాలు తక్కువిచ్చినా, హోటల్ వాడు పాలల్లో నీళ్లున్నాయన్నా ఇంట్లో లొల్లే. లొల్లి మొదలు కాగానే అత్తమ్మ చిన్న కొడుకును, అంటే మా మరిదిని, వంటింట్లోకి లాక్కుపోయి, వాడు ఏడవకుండా నోట్లో ఏదో ఒకటి పెట్టేదట. మీగడ, చక్కెర, పొద్దుటి రొట్టె, ఏది చేతికందితే అది. ఆమే నాకు నవ్వుతూ చెప్పేది, "గుటుక్కున మింగుతుండె, ఏడుపు బందైతుండె" అని. ఆమెకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. మామయ్య పోయాడు, బర్రెలు పోయాయి, కొట్టంలో ఇప్పుడు బండ్లు పెట్టుకుంటున్నాం. అలవాటు మాత్రం మరిది చేతిలో ఉండిపోయింది.

అత్తమ్మ పోయాక అది ముదిరింది. ఆకలైనవాడు తినే తీరు కాదది. తలుపు వెనక నిలబడి, చల్లారిన అన్నం, పచ్చి సేమియా, ఏది ఉంటే అది ఊపిరి తీసుకోకుండా తినేవాడు. తిన్నాక కడుపు పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మర్నాడు సిగ్గుతో పొద్దంతా పస్తుండేవాడు. సాయంత్రం ఎవరో ఒక మాట అంటే మళ్లీ అదే. మా ఆయన దాన్ని తిండిపోతుతనం అనుకున్నాడు. వంటింటి అల్మారాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇక నా బాధ చూడండి, చాయ్‌లో చక్కెర వేయాలన్నా మొగుణ్ని బజారు నుంచి పిలిపించాలి! అప్పుడే ఒకరోజు తమ్ముడితో తేల్చి చెప్పాడు: "ఇంకొక్కసారి దొంగతిండి కనబడ్డదంటే నా గడప తొక్కకు." ఆ మాటతో నాకు నిద్ర దూరమైంది. వెళ్లగొడితే ఏ సంతోష్‌నగర్‌లోనో ఒక్క గది తీసుకుంటాడు. అక్కడ ఆ తిండి, వాడు, మూసిన తలుపు. ఇంకెవరూ ఉండరు.

అత్తమ్మ పోయాక వచ్చిన మొదటి పెత్రమాస అది. చుట్టాలంతా వాకిట్లో కూర్చున్నారు. మామయ్య తమ్ముడు, మా చిన్నమామ, మరిదిని పైనుంచి కిందికి చూశాడు.

"ఏందిరా, మీ అమ్మ పోయినంక సన్నబడ్తవనుకున్న. బర్రెలను అమ్మి దాణ మాత్రం ఉంచుకున్నరా ఏంది?"

"వీనికి తాళం గూడ ఆగుతలేదు చిన్నాయినా," అన్నాడు మా ఆయన.

అందరూ నవ్వారు. మరిది కూడా నవ్వాడు. నవ్వుతూనే లోపలికి పోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నీళ్ల చెంబు అక్కడే పెట్టి వెనకాలే వెళ్లాను. అప్పటికే ఆలస్యమైంది. అత్తమ్మకు పెట్టిన విస్తరి వాడి చేతుల్లో ఉంది. గారెలు లేవు. పాయసం వేళ్ల సందుల నుంచి కారుతోంది. నోటినిండా తిండి, కళ్లనిండా నీళ్లు. కాకి ముట్టకముందు, తల్లి విస్తరి!

తలుపు దగ్గరికి వేసి గుసగుసగా అన్నాను, "చెయ్యి కడుక్కో. గిన్నెలల్ల ఇంక ఉన్నది. వేరే విస్తరి పెడ్త. ఎవ్వలకు ఎర్కగాదు."

"వద్దు వదినె. అమ్మకు దొంగతనంగ పెట్టకు," అని ఆ ఖాళీ విస్తరితోనే వాకిట్లోకి నడిచాడు. "అన్నా, అమ్మ విస్తరి నేను తిన్న. ఆకలి గాలేదు. ఎందుకు తిన్ననో నాకే ఎర్కలేదు."

మా ఆయన లేచాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "పిట్టకు పెట్టి కిందికొస్త. గప్పటికి నీ బట్టలు సదురుకో," అన్నాడు. అరిచి ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు.

వేరే విస్తరి పెట్టి మిద్దె ఎక్కాం. కాకి పక్కింటి నీళ్ల ట్యాంకు మీదే కూర్చుంది, దిగదు. మా వైపు కాకి ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిందని లెక్క. అదేమిటో కనుక్కుని, అందరూ వినేలా మాట ఇయ్యాలి.

"కల్లు వెట్టలే, గందుకే," అన్నాడు చిన్నమామ.

"అత్తమ్మ కల్లెన్నడు తాగింది మామా? అది మీకిష్టం," అన్నాను.

మా ఆయన చేతులు జోడించాడు. "అమ్మా, నీ ఫోటో పెద్దగ కట్టిపిస్త." కాకి కదల్లేదు. "బోనాలకు నీ పేరు మీద చీర పెడ్త." ఊహూ. ఎండ నెత్తి మీదికొచ్చింది. పక్క మిద్దె మీద బట్టలారేస్తున్న ఆపా, మా పొరుగింటావిడ, ఉండబట్టలేక అనేసింది: "ఫోటో ఏం జేస్కుంటది భాయ్, మీ అమ్మ? ఆమెకు ఛోటే కీ ఫికర్ ఉంటది."

ఛోటే అంటే చిన్నోడు, తల్లికి వాడి దిగులే ఉంటుందని ఆమె మాట. ఆ చిన్నోడు కింద మెట్ల దగ్గర సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన పళ్లు బిగించాడు. చివరికి ఎవరో గొంతులోంచి లాగినట్టు అన్నాడు: "అమ్మా... చిన్నోన్ని ఎల్లగొట్టను. తినేకాడ వాని మీద గొంతు లేపను. తాళం తీస్త."

కాకి వచ్చి ముట్టిందని చెప్పాలని నాకూ ఉంది. కానీ అది ఒకసారి అరిచి మలక్‌పేట దిక్కు ఎగిరిపోయింది. విస్తరి గల్లీలో ఆవుకు పెట్టాం. అయితే చుట్టాల ముందు, ఆపా ముందు, తల్లి పేరున అన్న మాట అది. మా గల్లీలో అట్లాంటి మాట వెనక్కి తీసుకుని తలెత్తుకు తిరగలేరు. కిందికొచ్చి మా ఆయన తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. మరిది సంచీ నేనే లోపలికి తెచ్చాను.

ఆపానే మరిదిని మలక్‌పేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపించింది. ఆమె బరువు సంగతి ఎత్తలేదు. "తినేముందు ఏమైంది?" అని అడిగింది. మా ఇంట్లో అందరం ఎంత తిన్నావనే అడిగాం, ఇది ఒక్కరమూ అడగలేదు. ఇది రోగమే, తిట్టినా పస్తులు పెట్టినా ఇంకా పెరుగుతుంది, వేళకు తినాలి, వచ్చి మాట్లాడుతుండాలి అంది. ఇప్పటికీ వెళ్తున్నాడు. మనసు చెడితే ముందు నా దగ్గరికొచ్చి చెబుతాడు. కొన్నిసార్లు తిన్నాక వచ్చి చెబుతాడు. అప్పుడు గిన్నెలు చూడను. "రేపు పొద్దుగాల అందరితోని కూసొని తిను, పస్తుండకు," అంటాను. మా ఆయన గొంతు లేవబోయే వేళకు తమ్ముడి ముందు కంచం కనబడితే చాలు, గల్లీలోకి పోయి కుక్కల మీద అరిచి వస్తాడు. ఆ కుక్కలకు పాపం ఏం తెలుసు!

పొద్దున విస్తరి వాడి చేతికే ఇచ్చాను. పైకి వెళ్లి చాలాసేపైంది. నేను ఇదంతా మీకు చెబుతూనే ఒక చెవి మెట్ల మీద పెట్టి ఉన్నాను. విన్నారా, పిలుస్తున్నాడు.

"వదినె! పిట్ట ఇంక రాలే! నాకు ఒక్క గారె తినబుద్ధైతుంది!"

వాకిట్లో మా ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచి, "జర ఆగురా, ముట్టనియ్. అందరం కూసొని తిందం," అన్నాడు.

ఇన్నేళ్లలో కాలం మా ఇంట్లో చేసింది ఇంతే. ఒకప్పుడు తలుపు వెనక జరిగినది ఇప్పుడు మిద్దె మీది నుంచి గల్లీ అంతా వినబడుతోంది. మీ ఇల్లు చల్లగుండాలి తల్లీ. మీ ఇంట్లో ఆకలైనవాళ్లు కూర్చుని తినాలి, ఏడుపొచ్చినవాళ్లు కడుపునిండా ఏడవాలి.