నార్బర్ట్ పీపా ఇంకా కుదురుకోలేదు

నార్బర్ట్ జీల్కేకి ఉన్న జబ్బు ఒక్కటే. ఆయన చేతిలో ఏ పనీ పూర్తికాదు, "కుదురుకుంటూ" ఉంటుంది. వంటింటి గోడకి వేసిన సగం రంగు పదకొండేళ్ళుగా కుదురుకుంటోంది. దాన్ని రోజూ చూసే డొలోరెస్‌కి మొగుడి మీద కోపం ఎప్పుడో అయిపోయింది. మిగిలింది నీరసం.

ఈస్టరు వెళ్ళిన వారంలోనే ఆయన గరాజులోకి ఓ పాత ఫ్రిజ్ తెచ్చి, తలుపుకి చిల్లు పొడిచి కుళాయి బిగించాడు. లోపల బీరు పీపా, గ్యాసు సిలిండరు, ఓ గొట్టం.

"ఇక ఈ ఇంట్లోకి బీరు సీసా రాకూడదు. కుళాయి పెట్టుకుని సీసాలేమిటి, అప్రతిష్ఠ," అన్నాడు.

కుళాయి తిప్పితే నురగ వచ్చింది. గ్లాసు నిండా, బకెట్ నిండా, ఆ పైన డొలోరెస్ చెప్పుల నిండా.

"ఏమిటిది నార్బ్?"

"కుదురుకుంటోంది."

అయిదడుగుల గొట్టం తీసి ఎనిమిదడుగులది పెట్టాడు. అదీ తీసి పన్నెండడుగులది పెట్టాడు. ఇంట్లో ఉన్న ఒక్క థర్మామీటరూ ఫ్రిజ్‌లోకి పోయింది. డొలోరెస్‌కి జ్వరం వస్తే చెయ్యి పెట్టి చూసుకోవడమే. ఆగస్టు వచ్చింది. నురగ బకెట్లు మోసేది మాత్రం ఆవిడే.

శుక్రవారం సాయంత్రం గరాజులో పేకాట. ఆవిడ తమ్ముడు ఎల్మర్, పక్కింటి రోమన్ వస్తారు. వేయించిన చేపలు తిని, బీరు లేదు కనక చెర్రీ సోడా తాగుతారు.

"బావా, ఆ బీరు మా మనవడి పెళ్ళికైనా అందుతుందా?"

"వాడి వయసెంత?"

"నాలుగు."

"మరీ తొందరపెట్టకు."

ఓ గురువారం నార్బర్ట్ పదిహేనడుగుల గొట్టం కొనడానికి బజారుకి వెళ్ళాడు. బకెట్ తీయడానికి వచ్చిన డొలోరెస్ ఒళ్ళు మండి కుళాయి తిప్పింది. బంగారు రంగు బీరు, పైన రెండు వేళ్ళ నురగ. ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే, సిలిండరు మీద గ్యాసు ముల్లు పది దగ్గర ఉంది. ఆవిడ నిలబడే గ్లాసు ఖాళీ చేసింది. నాలుగు నెలల బకెట్లు కళ్ళ ముందు తిరిగాయి.

మర్నాడు సాయంత్రం వంటింటి కిటికీలోంచి చూస్తే, గరాజులో నార్బర్ట్ తెరిచిన ఫ్రిజ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గ్యాసు ముల్లుని పది నుంచి ముప్ఫైకి ఎక్కిస్తున్నాడు. అంత గ్యాసు పెడితే వచ్చేది నురగే. ఇవాళ అందరి ముందూ కడిగేద్దామని చేపల పళ్ళెం పట్టుకుని బయల్దేరింది.

రోమన్ అప్పుడే వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

"కుదిరిందా?"

"ఎక్కడ్రా. నురగే."

బిగుసుకున్న రోమన్ భుజాలు తేలికగా సడలాయి. లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. "పోనీలే. సోడా ఇలా తే."

డొలోరెస్ కాళ్ళు ఆగిపోయాయి. ఈస్టరు ముందు ఉపవాసాల్లో అందరిలాగే రోమన్ కూడా బీరు మానేశాడు. పండగనాడు అందరూ మళ్ళీ మొదలెట్టారు, అతను మొదలెట్టలేదు. పేకాటకీ రాలేదు. "మానడం కష్టం కాదమ్మా. మీరంతా తాగుతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు," అని కంచె దగ్గర ఆవిడతో అన్నాడు. అప్పుడు నార్బర్ట్ పక్కనే మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. రెండోనాడు ఫ్రిజ్ వచ్చింది.

అంతలో ఎల్మర్ పనిముట్ల పెట్టెతో దిగాడు. "ఇవాళ తేల్చేస్తా బావా. ముందు గ్యాసు చూడాలట." ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు. నార్బర్ట్ మొహంలో నెత్తురు లేదు.

డొలోరెస్ పళ్ళెం తీసుకెళ్ళి ఎల్మర్ చేతుల్లో పెట్టింది. "దాన్ని ముట్టుకోకు తమ్ముడూ. నిన్న నేనే చూశాను. ఇంకా కుదురుకోవాలి."

నార్బర్ట్ పెళ్ళాన్ని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"ఇంకెన్నాళ్ళక్కా?" అన్నాడు ఎల్మర్.

"వంటింటి గోడ అయ్యాక," అని ఆవిడ కుర్చీ లాక్కుని ముక్కలు పంచింది.