పాతదాని హస్తవాసి

మా ఆసుపత్రిలో రేడియేషన్ మిషన్లు రెండు. కర్నూలుకు వైద్యానికి వచ్చేవాళ్లు రేడియేషన్ అనరు, 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ కరెంటు ఎంత పడాలో అంతే పడేట్టు చూడడం నా ఉద్యోగం. నేను డాక్టర్ని కాదు, ఫిజిక్స్ చదివినదాన్ని. మా చుట్టాల్లో కొందరు నేను విద్యుత్ శాఖలో ఉన్నాననే ఇప్పటికీ అనుకుంటారు.

రెండో మిషన్ కొత్తగా వచ్చినప్పుడు దాన్ని పాతదానితో జత కుదర్చాల్సి వచ్చింది. ఒకటి చెడిపోయి రోగిని రెండోదాని మీదికి మార్చినా ఒంట్లో పడే మోతాదులో తేడా రాకూడదు. నీళ్లతొట్టి పెట్టి, కిరణం ఏ లోతులో ఎంత పడుతోందో కొలిచి, గ్రాఫు గీసి, పాత గీత మీద కొత్త గీత కూర్చునేదాకా సరిచేస్తూ పోయాం.

ఆ పని మొదలయ్యే ముందే మా అమ్మ క్యాన్సర్‌తో పోయింది. రాయచోటి నుంచి తెచ్చి నా దగ్గరే పెట్టుకుని, ఆ పాత మిషన్ మీదే కరెంటు పెట్టించాను. కర్మంతరాలు కాగానే డ్యూటీకి వచ్చేశాను. "దీనికి చీమ కుట్టినట్టన్నా ల్యాదు సూడు" అని మా పిన్ని ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆమె అన్నది నిజమే. ఏడుపు రాలేదు. ఆకలి వేసేది, నిద్ర పట్టేది. గీతలు రెండూ అచ్చు గుద్దినట్టు కలిసిన రోజు అందరూ స్వీట్లు పంచుకున్నారు. నేనూ ఒకటి తిన్నాను. తియ్యగానే ఉంది.

కొన్ని నెలలకు ఒక పొద్దున పాత మిషన్ మొరాయించింది. దాని మీద వైద్యం నడుస్తున్నవాళ్లందరినీ కొత్తదానికి పంపుతుంటే, కోయిలకుంట్ల నుంచి వచ్చే ఒక పెద్దామె బెంచీ మీద నుంచి లేవలేదు. ఆమెది గర్భసంచి క్యాన్సర్.

"నాకు పాతదే కావాల మేడం. దాని హస్తవాసి మంచిది. మా సర్చిలో ఒకామె దాని మీదే పండుకోని బాగై, ఇప్పుడు శనగ చేన్లోకి పోతాండాది. అది రిపేరయ్యేదంక ఈడనే కూసుంటా."

"అది ఎప్పుడు బాగైతాదో తెలీదు పెద్దమ్మా. నడుమ నాగా పడితే జబ్బు మళ్లీ తలెత్తుతాది. రెండూ ఒకటే. నేనే కొలిచినా."

"మిషన్‌ను కొలిస్తివి. హస్తవాసిని కొలిస్తివా?"

దానికి సరిపడే నీళ్లతొట్టి నా దగ్గర లేదు.

"మీ ఇంట్లోవాళ్లయితే యాడ పండబెడ్తావు? నిజం చెప్పు."

"మా అమ్మను పాతదాని మీదే పండబెట్టినా."

ఆమె మొహం వెలిగింది. "సూడు మరి! బాగుండాదా మీయమ్మ?"

బాగుందంటే ఆమె అక్కడే కూర్చుంటుంది. నిజం చెబితే, పాత మిషన్ మీద పెట్టుకున్న ఆ కాస్త నమ్మకమూ పోతుంది. "లేదు. చనిపోయింది" అన్నాను. రిపోర్టు చదివినట్టే చెప్పాను.

ఆమె, "వాన రాకడ, పానం పోకడ ఎవురికెరుక పాపా" అంది. అంతవరకు మేడం అన్న మనిషి పాపా అంది. లేచి కొంగు సర్దుకుంది. "పద, కొత్తదాని మీదికే పోదాం. అయినా, ఆ మిషన్‌ను దినామూ సూస్తాంటావే, నీకు కోపం రాదా?"

"రాదు" అన్నాను.

ఆమె బల్ల మీద పడుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. పడాల్సినంత కరెంటు పడింది. ఆ రోజు నాగా తప్పింది.

మర్నాటికి పాత మిషన్ బాగైంది. రోగులు రాకముందే దాన్ని పరీక్షించడం నాకు రోజూ ఉండే పని. అమ్మ పడుకున్న బల్ల మీదే కొలత పరికరం పెట్టి, బయటికొచ్చి, తలుపు మూసి, అంకె చూశాను. సరిగ్గా ఉంది. అమ్మ వైద్యం నడిచినన్నాళ్లూ పొద్దున్నే చూసింది నేనే, అప్పుడూ ఇంతే సరిగ్గా ఉండేది. ఒక్కనాడన్నా తప్పి ఉంటే ఆ నెపం దాని మీద పెట్టేదాన్ని. అది అంత సరిగ్గా ఉన్నందుకు నాకు ఒళ్లు మండిపోయింది.