పై ఇంటి నడక, కింది ఇంటి తాబేలు

ఎండాకాలంలో ముందుగదిలో ఫ్యాను పీకేసినా ఆ ఇంట్లో ఎవరూ కోడలిని పల్లెత్తు మాట అనలేదంటే నమ్మకండి. అన్నారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనాలప్పుడు రెండుసార్లు అన్నారు. కానీ ఎవరూ ఫ్యాను తిరిగి బిగించలేదు. ఎందుకంటే ఫ్యాను ఉండాల్సిన కొక్కేనికి ఇనప గొట్టం, ఆ గొట్టం చివర తలకిందులుగా ఒక కెమెరా వేలాడుతున్నాయి. కెమెరా కింద గాజు బల్ల, బల్ల కింద దీపం. గాజు మీద పల్చగా పరిచిన ఇసుక. ఆ ఇసుకలో వేలితో గీసిన ఒక తాబేలు.

వేలు కోడలిది. ఆమెకు ఇసకమ్మ అని పేరు పెట్టింది అత్తగారే. పక్కన కడుతూ కడుతూ ఆగిపోయిన ఇంటి ముందు నుంచి కోడలు బకెట్టుతో ఇసుక మోసుకొచ్చి, వంటింట్లోని పిండి జల్లెడతో మూడుసార్లు జల్లించిన రోజున పుట్టిన పేరది.

"జల్లెడ కడిగి ఇస్తాను అత్తయ్యా."

"కడిగితే మాత్రం? ఇక పిండి జల్లించినప్పుడల్లా పళ్ళ కింద కరకరలాడినట్టే ఉంటుంది నాకు. నువ్వే ఉంచుకో ఇసకమ్మా!"

ఇసకమ్మది బొమ్మల్ని కదిలించే వృత్తి. ఏ కంపెనీలోనూ లేదు, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇసుకలో తాబేలు గీసి ఒక ఫొటో తీస్తుంది. కాలు వెంట్రుకవాసి ముందుకు జరిపి ఇంకో ఫొటో. అలాంటివి పన్నెండు కలిపి చకచకా చూస్తే ఒక్క సెకను. రోజంతా నడుము వంచి పనిచేస్తే ఇరవై నాలుగు ఫొటోలు, అంటే రెండు సెకన్లు. కాగితం మీద గీసిన బొమ్మయితే దాచుకోవచ్చు. ఇసుకలో కొత్త బొమ్మ రావాలంటే పాతది చెరిగిపోవాలి. తప్పు జరిగితే వెనక్కి వెళ్ళే దారి ఉండదు.

జబ్బు ఊరంతా అలుముకోకముందు ఆమెకు ప్రింటింగ్ ప్రెస్సు వెనకాల ఒక గది ఉండేది. పళ్ళపొడి డబ్బాలు గెంతే ప్రకటనలు, పిల్లల పాఠాలకు కదిలే బొమ్మలు చేసేది. ఆ పనుల సందుల్లో నాలుగేళ్ళుగా తన సొంత సినిమా తీసుకుంటోంది. దారి మార్చుకుపోయిన నదిని వెతుక్కుంటూ ఒక తాబేలు చేసే ప్రయాణం. పదకొండు నిమిషాల సినిమా. తాబేలు నదిని చేరి ఈదే చివరి ముక్క ఒక్కటే మిగిలింది. నలభై సెకన్లు, మధ్యలో కోత లేకుండా. సరిగ్గా అప్పుడే ప్రెస్సుకు తాళం పడింది. ప్రకటనలు ఆగిపోయాయి. అంతా మూతపడే ముందురోజు బండి వెనక భర్తను కూర్చోబెట్టి, అతని ఒళ్ళో గాజుపలక పెట్టించి ఇంటికి తెచ్చుకుంది.

అన్నీ ఆగిపోయాక ఆగని పని ఒకటే కనిపించింది. పిల్లల సినిమాల పోటీ ఒకటి ఈసారి ఇంటర్నెట్లోనే జరుపుతామని, నెలాఖరులోగా పంపమని కబురు పెట్టింది. నాలుగేళ్ళుగా ఇసకమ్మ 'వచ్చే నెల, వచ్చే నెల' అంటూనే ఉంది. ఈసారి కూడా జారిపోతే ఇక ఆ తాబేలు ఎప్పటికీ నది చేరదని ఆమెకు గట్టిగా అనిపించింది. లెక్క వేస్తే ఇరవై రోజుల పని. చేతిలో ఉన్నవి ఇరవై అయిదు.

ఆ ఇరవై రోజులూ గదిలో గాలి ఆడకూడదు. కిటికీలు మూత, తెరలు మూత. బళ్ళో లెక్కలు చెప్పే భర్త వంటింట్లో డబ్బాల మధ్య ఫోను నిలబెట్టి పాఠాలు చెప్పుకునేవాడు. ఒకసారి బల్ల పక్కనుంచి వెళ్తుంటే అత్తగారికి తుమ్ము వచ్చింది. ఆవిడ రెండు చేతులతో ముక్కు పట్టుకుని వరండాలోకి పరుగెత్తి అక్కడ తుమ్మారు. ఇల్లు దద్దరిల్లేలా తుమ్మారు. ఎదురింటివాళ్ళు టపటపా కిటికీలు మూసేసుకున్నారు.

"నీ తాబేలు పుణ్యమా అని వీధిలో నాకు రోగిష్టిదాన్నని పేరొచ్చింది" అన్నారు లోపలికొచ్చి.

ఏడోరోజు సాయంత్రం ఇసకమ్మ అప్పటిదాకా తీసిన పద్నాలుగు సెకన్లూ కలిపి చూసుకుంది. తాబేలు చక్కగానే నడుస్తోంది. కానీ సెకనుకోసారి బొమ్మ మొత్తం ఉలిక్కిపడుతోంది.

"జ్వరమేమో పాపం, వణుకుతోంది" అన్నారు అత్తగారు.

"కెమెరా కదులుతోంది అత్తయ్యా. రోజుకు రెండుసార్లు ఎవరో దాన్ని తాకుతున్నారు."

"నావైపు చూడకు. నేను చీపురు పట్టుకుని ఈ గదిలోకొచ్చి వారం అయింది."

భర్త స్టూలెక్కి కొక్కెం బిగించాడు. "కంప్యూటర్లో సర్దెయ్యొచ్చు కదా?" అన్నాడు దిగుతూ.

"సర్దాలంటే చుట్టూ అంచులు కొయ్యాలి. నది అంచులోనే ఉంది. నదిని కోసేసి తాబేలును ఎక్కడికి పంపను?"

మర్నాడు పొద్దున ఆమె ఫొటోలు తీయకుండా గొట్టాన్నే చూస్తూ కూర్చుంది. తొమ్మిదింటికి పైకప్పులోంచి చప్పుడు వచ్చింది. ధన్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ధన్. గొట్టం సన్నగా వణికి, కెమెరా వెంట్రుకవాసి పక్కకు జరిగింది.

పై ఇంట్లో ఉండేది ఈత మాస్టారు, ఆయన భార్య. ఇసకమ్మ మాస్కు తగిలించుకుని, మనసులో నాలుగు మాటలు పేర్చుకుని పద్దెనిమిది మెట్లూ ఎక్కింది. మాస్టారి భార్య తలుపు తీసింది. ఆవిడ వెనక, నడవలో, వాకరు పట్టుకుని మాస్టారు నిలబడి ఉన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చి తొమ్మిది రోజులే అయింది. కొలను ఈ చివర మునిగి ఆ చివర తేలేవాడని వీధి పిల్లలు చెప్పుకునే మనిషి. ఇప్పుడు వాకరు ఎత్తి ఒక అడుగు ముందు వేసుకుని, దానివెంట తానొక అడుగు వేసి, గోడకు ఆనుకుని ఊపిరి వెతుక్కుంటున్నారు.

"ఏం చెల్లీ, ఏమైనా కావాలా?" అంది భార్య.

పేర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో. "మీకు నీళ్ళు వస్తున్నాయా అని అడుగుదామని అక్కా."

"వస్తున్నాయే. మీకు రావడం లేదా?"

"వస్తున్నాయి."

కిందికి దిగేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. "గట్టిగా అడిగావా?"

"నీళ్ళు వస్తున్నాయట."

ఏం అడిగావని ఆరా తీసి, సంగతంతా రాబట్టి, "పాపం, మాస్టారు!" అన్నారు అత్తగారు. అక్కడితో ఊరుకుంటే ఆవిడ అత్తగారెందుకవుతారు! ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రమే బట్టలు ఆరేస్తూ, పై వరండాలో కనిపించిన మాస్టారి భార్యతో మాటల్లో మాటగా తాబేలు ఉలికిపాటు కథ చెప్పేశారు.

ఆ మరుసటి రోజు పైనుంచి చప్పుడు రాలేదు. తరవాతి రోజూ రాలేదు. ఇసకమ్మ చకచకా పని చేసుకుంది. రెండో రోజు సాయంత్రం అంతా కలిపి చూశారు.

"బ్రహ్మాండం! ఇప్పుడు చూడు, ఎంత నిలకడగా ఉందో" అన్నాడు భర్త.

ఇసకమ్మ మళ్ళీ మొదటినుంచి వేసింది. తాబేలు సెకనుకోసారి ఉలిక్కిపడుతూ వస్తోంది, వస్తోంది. ఆ తరవాత నాలుగు సెకన్లు నునుపుగా జారుతోంది. కాళ్ళు కదులుతున్నాయి. కానీ ఎందుకో ఆగిపోయినట్టుంది. మోటారు మీద తిరిగే ఆటబొమ్మలా ఉంది. ఆమె పైకప్పు వైపు చూసింది.

"అత్తయ్యా, పైవాళ్ళతో ఏమైనా అన్నారా?"

"నేనేమన్నాను? ఉన్నమాట అన్నాను."

పదకొండో రోజు పొద్దున్నే ఆమె లాప్‌టాప్ పట్టుకుని మళ్ళీ మెట్లెక్కింది. గుమ్మంలో స్టూలు మీద దాన్ని పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగింది. మాస్టారు మంచం మీదనుంచే మెడ సాచి చూశారు.

"ఇదుగో, ఇక్కడ ఉలిక్కిపడింది చూశారా? అది నా మొదటి రోజు పొద్దున మీరు నడిచిన నడక. ఇది ఆ సాయంత్రం నడక. ఇది రెండో రోజు..."

మాస్టారు వేలు ముందుకు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. "ఇదంతా నేను నడిచిందేనా?" అని మురిసిపోయి, ఇంతలో ముఖం చిన్నది చేసుకున్నారు. "మరి ఇక్కడ ఏం లేదే?"

"అక్కడ మీరు నడవలేదు."

"నీ పని పాడు చెయ్యడం ఎందుకని..."

"ఆ మాట నమ్మకు చెల్లీ" అంది భార్య. "మంచం దిగమంటే కిందావిడ పని, కిందావిడ పని అంటున్నారు. వంక దొరికింది మహానుభావుడికి!"

"ఆరు అడుగులకే ఆయాసం వచ్చేవాడికి వంక దొరికితే వదులుకుంటాడా అమ్మా?" అన్నారు మాస్టారు. గొంతులో వేళాకోళం ఉంది, కానీ నవ్వు లేదు.

"నా తాబేలు నది చేరాలి మాస్టారూ. మీరు ఆగిపోతే అదీ ఆగిపోతోంది. వణికితే వణకనివ్వండి, నడిచేది కాబట్టి వణుకుతోంది. ఇక నుంచి మధ్యాహ్నం కూడా ఒకసారి నడవండి. నదికి దగ్గరవుతోంది కదా, దానికీ తొందర పుట్టాలి."

"ఇదేంటి, డాక్టరు కంటే నువ్వే కఠినంగా ఉన్నావే!"

ఆ పొద్దున తొమ్మిదింటికి పైన ధన్‌మంది. కింద అత్తగారు దండం పెట్టినంత పనిచేశారు. అప్పటినుంచి రోజుకు మూడుసార్లు ఆ చప్పుడు. మొదట్లో వాకరు మోత, తరవాత చేతికర్ర మోత, మధ్యలో ఆగడాలు తగ్గుతూ వచ్చాయి. ఇసకమ్మ కొక్కెం బిగించడం మానేసింది. చప్పుడు అయ్యేవరకూ చేతులు కట్టుకుని కూర్చుని, అయ్యాక ఆ పూట ఫొటోలు మొదలుపెట్టేది. ఏ పూటైనా ఆలస్యమైతే అత్తగారు వరండాలోకెళ్ళి, "మాస్టారూ, తాబేలు కాచుకుని ఉంది!" అని అరిచేవారు. వీధి మొత్తానికి ఆ కేక అర్థమయ్యేది కాదు.

పద్దెనిమిదో రోజు సాయంత్రం మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించింది. మెట్టుకొక విశ్రాంతి. పద్దెనిమిది మెట్లు దిగడానికి పావుగంట పట్టింది. భర్త పరుగెత్తి గుమ్మం బయట కుర్చీ వేశాడు. మాస్టారు కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, తాబేలు నీళ్ళలోకి దిగడం చూశారు. అది చివరిదాకా అయ్యాక తల అడ్డంగా ఊపారు.

"అంతా బాగుందమ్మా. ఈతే బాగాలేదు."

అత్తగారికి ఒళ్ళు మండింది. "తాబేలు ఈత మీకెలా తెలుసు?"

"ముప్ఫై ఏళ్ళు నీళ్ళలో ఉన్నవాణ్ణి. అలా గబగబా కొట్టుకుంటే మునుగుతుందమ్మా. మొదటిరోజు పిల్లలు కొట్టే ఈత అది. నీళ్ళను ఇలా వెనక్కి తోసి, చేతులు ఒంటికి చేర్చి, ఊరుకోవాలి. ఊరుకున్నప్పుడు అదే సాగుతుంది."

కుర్చీలో కూర్చునే చేతులు సాచి చూపించారు. రెండుసార్లు చూపించి ఆయాసపడ్డారు. భార్య "చాలు" అంది. ఆయన మూడోసారి కూడా చూపించారు. ఇసకమ్మ గుమ్మంలో నిలబడి, తన చేతులతో గాలిలో అలాగే తోసి చూసుకుంది.

అప్పటికే తీసిన తప్పు ఈతను చెరిపే దారి లేదు. అది ఒక రెండు సెకన్లు అలాగే ఉండిపోయింది. మిగిలిన రెండు రోజుల్లో, నాలుగు సెకన్లలో, తాబేలు నేర్చుకుంది. మొదట కాళ్ళు కొట్టుకుంటుంది. తరవాత ఒకసారి తోసి, ఊరుకుని, సాగిపోతుంది.

సినిమా గడువుకు ముందే వెళ్ళింది. తరవాత దాన్ని చాలామంది పిల్లలు చూశారు. బొమ్మ ఎందుకు అదురుతోందని ఒక్కరూ అడగలేదట. తాబేలుకి గుండె కొట్టుకోవడం బాగా తీశారని ఒక పాప మాత్రం రాసింది. కానీ అది తరవాతి మాట.

చివరి ఫొటో తీసిన రోజున భర్త కెమెరా విప్పి ఫ్యాను బిగించాడు. అత్తగారు స్విచ్ పక్కనే కాచుకుని ఉన్నారు.

"ఒక్క నిమిషం అత్తయ్యా, గాజు మీది ఇసుక తీసి..."

ఆ లోపే ఫ్యాను తిరిగింది. నదీ తాబేలూ ఒక్కసారిగా పైకి లేచాయి. మంచాల మీద, పుస్తకాల మీద, భర్త జుట్టులో, అంతటా ఇసుకే. ఇరవై రోజులుగా ఆపుకున్న తుమ్ములన్నీ అత్తగారు అక్కడే, గది నడుమ నిలబడి, హాయిగా తుమ్మారు. తుమ్మి కళ్ళు తుడుచుకుని, నేల మీది ఇసుకను చీపురుతో ఒకచోటికి తోస్తూ అడిగారు.

"నీ జల్లెడ ఎక్కడ పెట్టావే ఇసకమ్మా? తరవాతి బొమ్మకి మళ్ళీ బకెట్టు మొయ్యక్కర్లేదు."