సాలు నడుమ

మేనత్త పోయిందని నెల్లికుదురు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఏడవలేదు. "దీనికి దేని మీద నిలకడ లేదు, ఆఖరికి ఏడుపు మీద గూడ" అన్నది అమ్మ. పోలీసు ఉద్యోగం కోసం మొదలుపెట్టిన పరుగు మధ్యలో మానేసినప్పటి నుంచి ఇంట్లో నాకున్న పేరు అది. ఎందుకు మానేశానో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల మా మేనత్త అబద్ధాల మనిషిగా పోయింది.

పత్తి ఏరడంలో ఆమె వేళ్లకు సాటి లేదు. మీలో ఏరినవాళ్లకు తెలుసు, మనిషికో సాలు, ఒక వరుస చెట్లు. ముందుగా అయిపోయినవాళ్లు వెనకబడ్డవాళ్ల సాలును అవతలి కొస నుంచి ఏరుకుంటూ ఎదురు రావాలి. సెలవులకు వెళ్లిన నాకు ఎప్పుడూ ఆమే ఎదురొచ్చేది, ఒడి నిండా పత్తితో. "మెల్లగ రా కోడలా, సాలు యాడికి పోదు."

కరోనా మా ఇద్దరికీ ఒకే నెలలో వచ్చింది. జ్వరం తగ్గినా ఆమెకు ఆయాసం తగ్గలేదు. పది చెట్లు ఏరి కూర్చునేది. పప్పు మాడినా వాసన తెలిసేది కాదు. మూత తీసి, నల్లబడ్డది చూసి నవ్వేది. "నా ముక్కు యాడనో పడిపోయింది, దొరికితె తెచ్చియ్యిరి." దవాఖానలో పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఇక ఊరంతా ఒకటే మాట: నఖ్రాలు, పని తప్పించుకునే వేషాలు.

ఒకరోజు చేన్లో ఆమె మళ్లీ కూర్చుంది. "ఏంది వదినా, సాలు నడుమ మంచం ఎయ్యమంటవా?" అన్నది పక్క సాలు ఆమె. అందరూ నవ్వారు. మేనత్త నా వైపు తిరిగింది.

"కోడలా, నీకు గూడ గిట్లనే దమ్ము అందుతలేదా?"

అప్పటికి నేను మైదానంలో రెండో చుట్టుకే కళ్లు తిరిగి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగేదాన్ని. అందరి ముందూ బయటపడతానని భయమేసింది.

"నాకేం లేదత్తా" అన్నాను.

"మంచిగైంది తియ్" అన్నది. నిజంగానే సంతోషపడింది. మళ్లీ ఆ మాట ఎవరినీ అడగలేదు.

నాకేమీ లేదని చూపించడానికి ఆ రోజు పళ్లు బిగబట్టి ఏరాను. నా సాలు ఆమెకంటే ముందే అయిపోయింది. ఎదురు వెళ్లాల్సింది. గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకున్నాను.

మొన్న తెల్లవారుజామున ఆమె గుండె ఆగింది. దానికీ ఆ ఆయాసానికీ సంబంధముందో లేదో నాకు తెలియదు. పాడె లేపకముందే ఎవరో అన్నారు, "జర నఖ్రాలుగని, మనిషి మంచిది."

ఇప్పుడు ఎటు చూసినా ఆ సాలే. వెనక ఏరిన చెట్లు, ముందు తెల్లగా పత్తి, నడుమ ఆమె, తల ఎత్తి అవతలి కొస వైపు చూస్తూ.

దినాల నాడు అందరూ భోజనాలకు కూర్చుంటారు. నాకూ ఆ ఆయాసమే ఉందని, ఆమె అడిగిన రోజు కూడా ఉందని, అక్కడ చెప్తాను.