మూకుడు పగిలిన శనివారం

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఏళ్ళు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పాక తగ్గుతుందనుకున్నాను గాని, రిటైరయ్యాక ఇంకా పెరిగింది. తిట్టడానికి క్లాసు లేదు కదా! నేను మొదటిసారి తుపాకీ పట్టింది కూడా కోపంతోనే. యాభై తొమ్మిదేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, ఎగిరే మూకుళ్ళను కాల్చటానికి వెళ్ళానంటే మా నేరేడ్‌మెట్ చర్చి సంఘంలో ఇప్పటికీ కొందరు నమ్మరు.

కోపం మా బావగారి మీద. ఆయన మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. మా వెనక వీధిలోనే ఇల్లు. పాతికేళ్ళపాటు ప్రతి శనివారం పొద్దున ఊరి బయటి షూటింగ్ రేంజికి వెళ్ళేవారు. అక్కడ ఒక యంత్రం నారింజ రంగు పూసిన నల్ల బిళ్ళను గాల్లోకి విసురుతుంది. అరచేతిలో పట్టే మూకుడులా ఉంటుంది. అది కింద పడేలోపు రెండు గొట్టాల తుపాకీతో పగలగొట్టాలి, అంతే ఆట. మా అక్క కూడా ఫ్లాస్కూ, ఊలు ఉండా పట్టుకుని ఆయన వెంట వెళ్ళేది. అక్క పోయాక ఏడాదిపాటు ఆయన ఆదివారం ఆరాధనకు తప్ప గేటు దాటలేదు. వరండాలో కుర్చీ, ఒళ్ళో మడత విప్పని పేపరు. ఏమడిగినా "ఊఁ".

ఒకరోజు పులుసు గిన్నె ఇవ్వటానికి వెళితే చల్లగా చెప్పారు. "తుపాకీ అమ్మేస్తున్నానమ్మా. కార్ఖానా ఏరియాలో ఒకాయన తీసుకుంటానన్నాడు. నెలాఖరు శనివారం రేంజికే వచ్చి చూసుకుంటాడట."

ఆ తుపాకీ కూడా పోతే ఇక ఆయన ఇంట్లోంచి కదలటానికి కారణమే ఉండదు. మనిషి ఆ వరండాలోనే అయిపోతాడు. భయం వేస్తే నాకు నోరు లేస్తుంది.

"అమ్ముకోండి. అమ్మేలోపు నాకు నేర్పండి" అన్నాను.

"నీకా?"

"నాకే. ఏం, నాకు చేతుల్లేవా?"

నేర్పనన్నారు. సరే, ఊరికే వచ్చి కూర్చోమన్నాను. కొత్తవాళ్ళ వెంట పాత సభ్యుడొకరు ఉండాలని ఆ క్లబ్బులో నియమం. తుపాకీ వాళ్ళే ఇస్తారు, నేర్పటానికి ఒక ఉస్తాద్ ఉంటాడు. బావగారు సంతకం పెట్టి కూర్చుంటే చాలు. మరదలి నోటికి జడిసి ఒప్పుకున్నారు. అలా నాకు నాలుగు శనివారాలు దొరికాయి.

ఉస్తాద్ చిలకలగూడ మనిషి, నవ్వు మొహం. నా చీర చూసి ఏమీ అనలేదు. తుపాకీ మనిషివైపు తిరిగిందంటే ఆ రోజుకు ఆట బంద్ అని మాత్రం ముందే చెప్పాడు. చెవులకు చప్పుడు ఆపే మఫ్ఫులు, కళ్ళకు అద్దాలు పెట్టించాడు.

"చెంప తుపాకి కట్టెకు ఆనియ్యుండ్రి మేడం. రెండు కండ్లు తెరిచే ఉంచుండ్రి. మీరు పుల్ అంటే బర్డ్ వస్తది" అన్నాడు. మూకుణ్ణి వాళ్ళు బర్డ్ అంటారు.

నేను క్లాసు గొంతుతో "పుల్!" అని అరిచాను.

"జెర మెల్లగ మేడం, బర్డ్ బెదిరిపోతది."

మూకుడు రివ్వున లేచింది. తుపాకీ నా భుజాన్ని ఒక్క గుద్దు గుద్దింది. మూకుడు మాత్రం హాయిగా వెళ్ళి అవతల గడ్డిలో దిగింది. ఆ రోజు ఇరవై ఐదు తూటాలు కాల్చాను. ఇరవై ఐదు మూకుళ్ళూ క్షేమంగా దిగాయి. భుజం మీద వంకాయ రంగు మచ్చ తేలింది.

బావగారు ఏం చేశారనుకున్నారు? వెనకాల రేకుల షెడ్డులో ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని, మావైపు వీపు పెట్టి, రోడ్డుకేసి తిరిగి కూర్చున్నారు. అంతా అయ్యేదాకా తల తిప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిరుగు దారిలో కారులో నోరు విప్పారు.

"అన్నీ వెనక."

"ఏమిటి వెనక?"

"మూకుడు ముందుకు పోయాక దాని వెనక కాలుస్తున్నావు. ఆలస్యం."

"చూడకుండానే ఎలా తెలిసిందో!"

"వినబడదూ? నువ్వు పుల్ అన్నాక ఎంతసేపటికి పేలిందో వింటే చాలు."

ఇంటికొచ్చి కాగితం తీశాను. మూకుడు వేగమెంత, తూటాలోని సీసపు రవ్వల వేగమెంత, దూరమెంత, దానికి ఎంత ముందు గురిపెట్టాలి అన్నీ లెక్క కట్టి, రెండో శనివారం ఉస్తాద్‌కు గర్వంగా చూపించాను. పాపం, కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"లెక్కంత కరెక్టే మేడం. గని మీరు లెక్క జేసేసరికి బర్డ్ భూమ్మీద పడ్తున్నది. తుపాకి దానెంబడి తిప్పుతనే కొట్టుండ్రి. కొట్టినంక సుత ఆపకుండ్రి."

నా జబ్బు అక్కడే ఉంది. తుపాకీ సరైన చోటికి తీసుకెళ్ళేదాన్ని. అక్కడ ఒక్క క్షణం ఆపి, సరిపోయిందా లేదా చూసుకుని, అప్పుడు నొక్కేదాన్ని. జవాబు రాశాక సరిచూసుకోండర్రా అని పిల్లలకు అన్నేళ్ళు చెబితే ఒంటికి పట్టదూ మరి! ఆ ఒక్క క్షణంలో మూకుడు దాటిపోయేది. మఫ్ఫు కాస్త జరిపితే షెడ్డులోంచి బావగారి గొంతు వినబడేది. "వెనక." మూడో శనివారానికి ప్రతి తూటాకీ అదే మాట. పైకి విసుక్కున్నాను గాని, లోపల నాకెంత సంతోషమో! ఏడాది తర్వాత మనిషి అడక్కుండా మాట్లాడుతున్నాడు.

అయినా ఆయన మాట మార్చుకోలేదు. నాలుగో శనివారం క్లబ్బు ఇనప బీరువాలోంచి తన తుపాకీ తెప్పించి, పెట్టె తెరిచి, గొట్టాలు శుభ్రంగా తుడిచి బల్లమీద పెట్టారు. కార్ఖానా ఆయన పదింటికి రావాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని ఫోన్ చేశాడు. బావగారు మళ్ళీ కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు.

నా పని అయిపోయిందనుకున్నాను. ఇక లెక్కా లేదు, గిక్కా లేదు. ఏడుపు మింగుతూ "పుల్" అన్నాను. మూకుడు ఎడమకు లేచింది. దాని వెంట తిరిగాను, ఎప్పుడు నొక్కానో తెలియదు. గాల్లో నల్లటి పొడి లేచింది. ముక్కలు చినుకుల్లా రాలాయి.

"షాబాష్ మేడం!" అని ఉస్తాద్ చప్పట్లు కొట్టాడు. నేను గిర్రున షెడ్డువైపు చూశాను. అదే వీపు.

తుపాకీ ఖాళీ చేసి ఉస్తాద్ చేతిలో పెట్టి చరచరా వెళ్ళాను. "ఎనభై తూటాల తర్వాత ఒక్కటి పగిలితే ఇటు తిరగరా? ఆ రోడ్డులో ఏముందండీ అంత?"

"విన్నాను. పగిలింది."

"వింటే సరిపోతుందా? అమ్మెయ్యండి! అమ్మేసి వెళ్ళి ఆ వరండాలో కూర్చోండి. అక్కను సాగనంపాం, ఇప్పుడు మిమ్మల్ని చూస్తూ చూస్తూ..." అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను.

బావగారు ఇటు తిరిగారు. తర్వాత లేచి, బల్లమీది తుపాకీ తీసుకుని, రెండు తూటాలు అడిగి తీసుకుని కాల్చేచోటి గీత దగ్గరికి నడిచారు. "పుల్" అన్నారు. పేలింది. మూకుడు చెక్కు చెదరకుండా గడ్డిలో దిగింది.

నా కోపం ఇంకా నాలుక మీదే ఉంది. "వెనక!" అని కేకేశాను.

ఆయన రెండో తూటా కాల్చలేదు. తుపాకీ మడత తెరిచి తల వంచుకుని నిలబడిపోయారు. భుజాలు కదులుతున్నాయి. నేను హడలిపోయి దగ్గరికి వెళ్ళాను. కళ్ళ నిండా నీళ్ళు, పెదవుల మీద నవ్వు.

"మీ అక్క అచ్చం ఇలాగే కేకేసేదమ్మా. చప్పుడంటే భయం కదా తనకి. చెవుల్లో దూది పెట్టుకుని, ఆ షెడ్డులో అటు తిరిగి కూర్చుని అల్లుకునేది. నేను ఆలస్యం చేస్తే, చూడకుండానే వెనక అనేది. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. అలా కూర్చుంటే తనకి ఎలా వినబడేదో తెలుసుకుందామని..."

నెలరోజులు ఆ వీపును ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తలుచుకుని సిగ్గుతో ఏడ్చాను. ఉస్తాద్ మంచివాడు, తూటాల డబ్బాలు సర్దుతున్నట్టు అటు వెళ్ళాడు.

బావగారు ముక్కు తుడుచుకుని ఇంకా కాల్చారు. వరుసగా ఏడు పగిలాయి. ఎనిమిదోదానికి కార్ఖానా ఆయన చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏమనుకోకండి, ఇవ్వటం లేదు. మా మరదలు నేర్చుకుంటోంది" అన్నారు బావగారు.

"ఫోన్ల జెప్తే అయిపోవు గద సార్! గింత దూరం ఒచ్చిన" అని ఆయన గొణిగాడు. నేను తెచ్చిన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను. ఆ తుపాకీ నాకు పొడుగు, బరువు, నా భుజానికి ససేమిరా కుదరదు. ఆ సంగతి నాకంటే బావగారికే బాగా తెలుసు. పోనీలే, నా పేరు చెప్పుకోనీ అనుకున్నాను.

ఇది జరిగి రెండేళ్ళు. మంచి రోజున ఇరవై ఐదుకు పదిహేను కొడుతున్నాను. శనివారం ఏడు గంటలకల్లా మా గేటు ముందు హారన్ మోగుతుంది. రెండు నిమిషాలు ఆలస్యమైతే మళ్ళీ మోగుతుంది. ఆయన కాల్చేటప్పుడు ఆ షెడ్డులో అక్క కుర్చీ నాదే. తప్పితే "వెనక" అని నేనే కేకేస్తాను. కుర్చీ మాత్రం ఇటు తిప్పుకున్నాను. చప్పుడు విని పోల్చుకునే ఓపిక నాకు లేదు, మూకుడు పగిలితే కళ్ళారా చూడాలి.