వైరు పీకిన సర్వర్ ఇచ్చిన నంబర్లు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళ దగ్గర నేను ఎప్పుడూ చివరిదాకా కూర్చోలేదు. మధ్యలోనే లేచిపోయేవాణ్ణి. ఇది కూడా నమ్మమని అడగడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండువేల దశకం చివరి మాట. బోధన్ దగ్గర మా తాతగారి చెరకు భూములు మా నాన్న కాలానికే పోయాయి. నేను నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో నెట్‌వర్క్ చూసేవాణ్ణి. యజమాని, కోస్తా నుంచి వచ్చి బోధన్ కాలువ కింద స్థిరపడిన రైతు కొడుకు. మా భూమిలో కొంత ఇప్పుడు వాళ్ళదే. ఆ సంగతి ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను. నన్ను మాత్రం ‘దొరగారూ’ అంటాడు.

ఇది జరిగిన మర్నాడు మా హాల్లో ఒక ఉద్యోగ పరీక్ష ఇంటర్నెట్‌లో జరగాలి. నందిపేట్, నవీపేట్ నుంచి కూడా పిల్లలు వస్తున్నారు. కొత్త సర్వర్ ఒకటి కొన్నాం. ఆ ఒక్క పెట్టెలోనే సాఫ్ట్‌వేర్‌తో రెండు సర్వర్లు తయారు చేశాను. ఒకటి పాఠాల ఫైళ్ళకు. రెండోదాని పని హాల్లోని ప్రతి కంప్యూటర్‌కూ ఒక నంబర్ ఇవ్వడం. ఆ నంబర్ లేనిదే కంప్యూటర్‌కు ఇంటర్నెట్ అందదు. హైదరాబాద్ ఇంజినీర్‌ను పిలుద్దామని యజమాని అంటే, అవసరం లేదు, నేను చేస్తానని మాట ఇచ్చాను.

పొద్దున్నుంచి ఒక్కదానికీ నంబర్ రాలేదు. సర్వర్ దొరకనప్పుడు కంప్యూటర్ తనకు తాను పెట్టుకునే పనికిరాని నంబరే అన్నిట్లోనూ కనిపిస్తోంది. బయటి రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపాను. లోపలి సర్వర్‌ను బయటి కేబుల్‌తో కలిపే అమరిక చెరిపి మళ్ళీ చేశాను. కేబుల్ మార్చాను, కేబుళ్ళన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె మార్చాను. ఏ మార్పూ లేదు.

మధ్యాహ్నం యజమాని గుమ్మంలో నిలబడ్డాడు. “ఏంటండీ దొరగారూ, మీ సర్వర్ కూడా ఎవరైనా వచ్చి దణ్ణం పెడితేగానీ పలకదా?”

నేను ఇంకో కేబుల్ తీసి బిగించాను.

ఆయన వెళ్ళాక ల్యాబ్ టీచర్ స్వరూప మెల్లగా అంది. “సార్, చేత్తోనన్న పెట్టేద్దాం నంబర్లు. ఒక్కొక్కదాంట్ల నేను కొడ్త. గింత మొండితనం ఎందుకు?”

వద్దన్నాను. సర్వర్‌తోనే నడిపిస్తానన్నది నేను ఇచ్చిన మాట.

చివరికి విసుగొచ్చి, అంతా మొదటి నుంచి చేద్దామని సర్వర్ ఆపేశాను. కరెంటు వైరు, నెట్‌వర్క్ వైరు రెండూ పీకాను. అవి ఇంకా నా చేతిలోనే ఉండగా హాల్లోంచి స్వరూప పిలిచింది.

“సార్, వచ్చినయ్. అన్నిట్ల వచ్చినయ్. ఏం జేసిండ్రు?”

వెళ్ళి చూశాను. ప్రతి కంప్యూటర్‌లోనూ నేను నిర్ణయించిన వరుసలోని నంబరే. అది ఇచ్చింది ఎవరని చూస్తే, మా సర్వర్ చిరునామా. ఆ చిరునామాను పలకరిస్తే జవాబు లేదు. పాత నంబర్లు గుర్తుంచుకున్నాయి అనుకుందామంటే, ఆ కంప్యూటర్లన్నీ ఆ ఉదయమే లోపలున్నదంతా చెరిపేసి కొత్తగా సిద్ధం చేసినవి. ఇంటర్నెట్ తెచ్చే బ్రాడ్‌బ్యాండ్ పెట్టెలో కూడా నంబర్లిచ్చే సౌకర్యం ఉంటుంది, దాన్ని ముందే ఆపాను. తెరిచి చూస్తే ఆగే ఉంది. ఒక కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. దానికీ నంబర్ వచ్చింది.

సర్వర్‌కు వైర్లు తగిలించి నడిపితే నంబర్లు పోయాయి. పీకితే వచ్చాయి.

మర్నాడు వైర్లు పీకిన సర్వర్‌తోనే పరీక్ష నడిచింది. ఒక్క పిల్లవాడు కూడా మధ్యలో లేవలేదు. యజమాని సంతోషించి, “ఆ హైదరాబాద్ ఆయనకి కూడా చేతకాదండీ ఇది” అన్నాడు. సర్వర్ ఆగి ఉందని చెప్పాను. ఆయన నవ్వాడు. గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. నేల మీద పడి ఉన్న వైర్లను కాలితో ఒకసారి కదిపి చూసి బయటికి వెళ్ళాడు.

ఆ తర్వాత సర్వర్‌లో ఉన్నదంతా చెరిపి మళ్ళీ అమర్చాను. అప్పటి నుంచి మామూలుగానే నడిచింది. తెలిసిన ఇంజినీర్లకు చెబితే, ఎక్కడో వేరే పరికరం ఇచ్చి ఉంటుందన్నారు. అలాంటిదేమైనా ఉందేమోనని గోడ వెంట ప్రతి వైరూ పట్టుకుని వెళ్ళాను. ఏదీ దొరకలేదు.

నేను ఇచ్చిన మాట నిలబడింది. నిలబెట్టింది మాత్రం నేను కాదు. ఎవరో ఈరోజుకీ చెప్పలేను.