పగలని కుడుకలు

మా బిడ్డకు పుట్టింటి తరఫున ఒడిబియ్యం పోయాలని అనుకోవడం అదే మొదలు కాదు. పెళ్లయిన మూడో ఏడు పోయాల్సింది, ఊరికి పోయినప్పుడు చూద్దామని ఆపారు. ఐదో ఏడూ అదే మాట. ఏడో ఏడు వచ్చాక మా బావమరిది ఊరి నుంచి ఫోన్ చేసి మళ్లీ అదే పాట ఎత్తుకున్నాడు.

"సూరత్‌ల ఒడిబియ్యం ఏంది బావా? ఇంటికాడ పోస్తెనే పద్ధతి. జర ఆగరాదు."

"పిల్ల పుట్టింది యాడ?"

"ఆడనే, సూరత్‌ల. లింబాయత్‌ల."

"మరి పుట్టిల్లేది?"

నీ ఇష్టమని ఫోన్ పెట్టేశాడు. ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. వయసంతా ఇక్కడి సాంచెల ముందే, అంటే మరమగ్గాల ముందే నిలబడ్డాను. వాటి మోతకు చెవులు సగం పోయాయి. మా వాళ్ల పెళ్లిళ్లు ఇక్కడే చేశాం, పెద్దల్ని కాటికి ఇక్కడి నుంచే మోశాం. ఒక్క ఒడిబియ్యానికి మాత్రం ఊరు కావాలట. నేను బడికి పోలేదు. తెలుగు పొట్లాల కాగితాల మీద, గుజరాతీ బట్ట తాన్ల చీటీల మీద నేర్చుకున్నాను. అంతమాత్రాన పద్ధతేమిటో నాకు ఇంకొకరు చెప్పాలా?

బిడ్డ ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. తోడికోడళ్లిద్దరికీ వాళ్ల పుట్టింటివాళ్లు పోశారు. వాళ్లు ఆ బియ్యం వండి చుట్టాలను పిలిచిన రోజు మా పిల్ల వడ్డించి వచ్చింది. ఆ మర్నాడు తల్లితో ఫోన్లో ఒక్కటే అన్నది: "ఈసారన్న పోస్తరా అమ్మా?"

అందుకని సాంచెలు బందుండే ఆదివారం చూసి రమ్మన్నాం. అత్తగారి ఊరు కడోదరా నుంచి అల్లుడితో పొద్దున్నే దిగింది. అల్లుడి మిల్లుకు ఆదివారం సెలవు లేదు, సాయంత్రం షిఫ్టు, మధ్యాహ్నం దాటితే ఉండే వీల్లేదు. పసుపు కలిపిన బియ్యం, రవికె గుడ్డ, పసుపు కొమ్ములు, వక్కలు, ఖర్జూరాలు అన్నీ సిద్ధం. కుడుకలు మాత్రం నా వంతు. కుడుక అంటే ఎండుకొబ్బరి చిప్ప. ఒడిలో బియ్యం మీద రెండు పెట్టాలి. పగులు ఉండకూడదు. మూల మీది దుకాణంలో చూస్తే సన్నగా కోసిన ముక్కలు ప్యాకెట్లో పెట్టి అమ్ముతున్నారు. బిడ్డ ఒడిలో ప్యాకెట్ పెడతామా? అంగడికి బయలుదేరాను.

మా వాడలో ఆదివారం అంగడి సందు పొడవునా నేల మీదే పరుచుకుంటుంది. ఒక పక్క మరకపడ్డ చీరలు కుప్పపోసి తూకానికి అమ్ముతారు, ఇంకో పక్క కూరగాయలు. నడుమ ఖాందేశ్ నుంచి వచ్చిన ఒక మరాఠీ ఆమె గోనెపట్టా మీద ఎండుమిర్చి, వెల్లుల్లి, కొబ్బరి పెట్టుకుని కూర్చుంటుంది. మిర్చి ఎప్పుడూ ఆమె దగ్గరే కొంటాను. మా ఇద్దరిదీ వచ్చీరాని హిందీ. ఆమె మాటలు నా తెలుగులోనే రాస్తున్నాను.

"రెండు కొబ్బరి చిప్పలు. మంచియి," అన్నాను.

మంచిది ఒకటి ఏరింది. నేను చెయ్యి చాపేలోపు తూకం రాయి అంచుకు కొట్టి టక్కున విరిచింది.

"చూడు కాకా, ఎట్ల ఎండిందో. పచ్చిదైతే వంగుతది."

"ఎవరు విరవమన్నరు?"

"విరవకపోతే మీరే అడుగుతరు గదా." ఇంకోటి అందుకుంది. దాని మీద నా చెయ్యి అడ్డం పెట్టాను. పట్టా మీద చూస్తే అన్నీ ముక్కలే. నా చేతి కింద ఉన్నదొక్కటే నిండుది.

నేను గొంతు పెంచాను. ఆమె కూడా తగ్గలేదు. పక్కన చీరల కుప్ప దగ్గరి పోరడు నవ్వాడు. "చాచా, ముక్కైనా చిప్పైనా పోయేది కడుపులకే గదా."

వాడితో వాదించలేదు. భుజం మీది తువ్వాల తీసి, రెండు కొసలూ నడుము దగ్గర పట్టుకుని, ఆ కుడుకను అందులో వేసి ఆమె ముందు నిలబడ్డాను. అంగడి నడుమ ముసలోడు ఒడి పట్టి నిలబడితే ఎవరైనా నవ్వుతారు. ఆమె నవ్వలేదు.

"బిడ్డకా?"

"బిడ్డకే."

"ముందే చెప్పొద్దా కాకా. మేం గూడ ఒడి నింపుతం. మేం కొబ్బరికాయ పెడతం. కాయ తీస్కపో."

"మీ పద్ధతి మంచిదే. మాకు కుడుకలే కావాలె."

"మొండోనివి," అని కొంగు దోపుకుని లేచింది. "ఇంకోటి చూసొస్త, ఇక్కడ కూసో. మిర్చి ఎవడన్న ఎత్కపోతె నీదే పూచీ."

కూర్చున్నాను. ఇంతలో ఒకామె వచ్చి ఓ ముక్క చేతిలోకి తీసుకుని, విరిచి చూపించమంది. "చూపియ్య. ఎండింది. నా మాట మీద తీస్కో," అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, ఈ దుకాణం నీకెప్పుడిచ్చిందని అడిగి, వెల్లుల్లి ఏరుకుంది.

మరాఠీ ఆమె తిరిగొచ్చేసరికి ఎండ నెత్తి మీదికి ఎక్కింది. కొంగు కింద దాచి తెచ్చింది కుడుకను. "అంగడిల కొబ్బరోళ్లందరూ విరిచిపెట్టుకున్నరు. ఇదొక్కటి బస్తా అడుగున దొరికింది."

ఇంట్లో అప్పటికే మా వాడ ఆడవాళ్లు ఐదుగురు వచ్చి కూర్చున్నారు. అల్లుడు గడియారం వైపు చూస్తున్నాడు. మా ఇంటామె కుడుకలు రెండూ తిప్పి తిప్పి చూసింది.

"ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. జోడు గాదు."

"పగులున్నదా?"

"లేదు."

"మరి ఒడిల పొయ్యి."

బిడ్డ పీట మీద కూర్చుని కొంగు పట్టింది. ఒకరి తర్వాత ఒకరు దోసిళ్లతో పోశారు. కుడుకలు పైన పెట్టాక కొంగు ముడేసుకుని, ఆ బరువుకు కాస్త ముందుకు వంగి లేచింది. ఆటోలో కూర్చున్నాక మూట ఒళ్లోంచి దించలేదు. ఆటో కదిలేలోపు పక్కన నిలబడి నేను అంగడి సంగతంతా చెప్పాను.

"బాపూ, ఈ బియ్యం వండిన్నాడు ఆ కొబ్బరి అక్కను గూడ పిలవాల్నా?"

"పిలువు," అన్నాను. "కొబ్బరి మాత్రం ఆమె చేతికియ్యకు."